జెట్టు వెనుక గాలి

జెట్ విమానము పేరు విననివారు నేడు పల్లెటూళ్ళలో కూడ లేరు. ఆకాశమున తెల్లని చారను విడిచిపోవు విమానమును చూపినచో, అది జెట్టని పసిపిల్లవాడైనను చెప్పగలడు. అది ఎంత ఎత్తున పోవునో, ఎంత వేగముగా పోవునో, ఎందరిని మోయునో పెద్దవారికి కొంత కొంత తెలియును. కాని ఆ విమానమే ఇంకను నేలమీద ఉండి, రన్‌వే చేరుటకై చక్రములపై మెల్లగా సాగుచున్నప్పుడు, దాని తోక వెనుక ఏమి జరుగుచుండునో ఆలోచించువారు అరుదు. విమానము ఇట్లు నేలమీద సాగుటను ‘టాక్సీ’ చేయుట యందురు. అద్దె మోటారుకును దీనికిని పేరొకటియైనను పని వేరు. ఈ టాక్సీలో దారి మధ్యమున ఎక్కువారును లేరు, దిగువారును లేరు.

తోక వెనుకటి సంగతిని తప్పక ఆలోచింపవలసినవారు చిన్న విమానములను నడపువారు. ఇద్దరో నలుగురో కూర్చుండు శిక్షణ విమానములును, సొంత విమానములును పెద్ద జెట్లతోపాటు ఒకే విమానాశ్రయమున, ఒకే బాటలమీద తిరుగవలసివచ్చినపుడు కలుగు ప్రమాదమును గూర్చి ఈ ప్రసంగములో ముచ్చటింప దలచితిమి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమున గల వాన్ నైస్ వంటి విమానాశ్రయములలో ఇది నిత్యమును ఎదురగు సమస్య. అచ్చట శిక్షణార్థుల చిన్న విమానములును, ధనికుల జెట్లును ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుచుండును.

దీపావళినాడు తారాజువ్వను వెలిగించిన ప్రతివారికిని జెట్ సూత్రము తెలిసియే యున్నది. రవ్వలు క్రిందికి చిమ్మును, జువ్వ పైకి పోవును. జెట్ ఇంజను చేయునదియు అంతే. అది ముందునోటితో గాలిని పీల్చును. అందు కొంత భాగమును ఇంధనముతో కలిపి మండించును. మొత్తము గాలిని మిక్కిలి వేగముతో వెనుకకు నెట్టును. ఆ నెట్టుడునకు ఎదురుగా పుట్టిన బలము విమానమును ముందుకు త్రోయును. న్యూటన్ చెప్పిన మూడవ గతి నియమము ఇదియే. ముందుకు త్రోయు బలము ఎంత పెరిగినచో వెనుకకు పోవు గాలిలోని ఊపును అంతయు పెరిగి తీరవలెను. ఏ శాస్త్రజ్ఞుడును దీనిని తప్పింపజాలడు.

ఆ బలము ఎంత పెరిగినదో చూడుడు. 1958 అక్టోబరులో అట్లాంటిక్ మహాసముద్రముపై ప్రయాణికులను చేరవేయ నారంభించిన బోయింగు 707 విమానమునకు నాలుగు ఇంజన్లు. ఒక్కొక్కదాని త్రోపుడు బలము సుమారు 6 టన్నులు. నాలుగును కలిసి 24 టన్నులు. తరువాతి కాలమున వచ్చిన బోయింగు 777-300 ఇఆర్ విమానమునకు ఇంజన్లు రెండే. కాని అందు ఒక్కటియే 52 టన్నుల బలము నిచ్చును. పూర్తి శక్తితో తిరుగునపుడు ఆ ఒక్క ఇంజను సెకనుకు ఒకటిన్నర టన్నుకు మించిన గాలిని మ్రింగి వెనుకకు విడుచును. ఒక మోటారు కారు ఎంత బరువుండునో అంత బరువుగల గాలి, ప్రతి సెకనునకును, వెనుకనున్న దానిపై పోయి పడుచుండునన్నమాట.

ఈ గాలి వేగమును గూర్చి బోయింగు సంస్థవారు ప్రకటించిన వివరములు కలవు. ఎగురుటకు పూర్తి శక్తి నిచ్చినపుడు ఇంజను గొట్టము చెంతనే గాలి వేగము గంటకు 600 కిలోమీటర్లు దాటవచ్చును. విమానము తోక వద్దకు వచ్చుసరికి 480 కిలోమీటర్లు ఉండవచ్చును. ఇంజనుకు 200 అడుగుల వెనుక కూడ 240 కిలోమీటర్లుండుట కలదు. అటు పిమ్మట చాల దూరమువరకు 80 నుండి 160 కిలోమీటర్ల వేగము సాగుచునే యుండును. ఇంజనునుండి వెడలు వేడి చుట్టుప్రక్కల చల్లగాలిలో కలిసి త్వరగా చల్లారిపోవును. వేగము మాత్రము అంత త్వరగా చావదు.

ఈ అంకెలను మన కోస్తా జిల్లాల శ్రోతలకు విడమరచి చెప్పనక్కరలేదు. తుపాను హెచ్చరికలను రేడియోలో విని విని గాలివేగములు వారికి కంఠస్థములే. భారత వాతావరణ శాఖవారి లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరిననే తుపాను. 118 చేరినచో అతి తీవ్ర తుపాను. 220 దాటినచో సూపర్ సైక్లోను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై తీరము దాటినపుడు గాలి 170 నుండి 180 కిలోమీటర్ల వేగముతో వీచి, అచ్చటి విమానాశ్రయపు కప్పునే చెల్లాచెదరు చేసినది. పూర్తి శక్తితో నున్న పెద్ద జెట్టునకు 200 అడుగుల వెనుక నిలుచువాడు అంతకంటె మించిన గాలిని ఎదుర్కొనవలసివచ్చును. తుపానుకు ముందు మబ్బు పట్టును, సముద్రము ఘోషించును, రేడియో హెచ్చరించును. ఈ గాలికి అట్టి సూచన లేవియు లేవు. ఎండ కాయుచున్న ప్రశాంతమైన ఉదయమున, గడ్డిపోచ కూడ కదలని చోట, ఇది అకస్మాత్తుగా వచ్చి మీద పడును.

ఇక దాని పాలబడు చిన్న విమానము సంగతి. ప్రపంచమంతట శిక్షణకు వాడబడుచున్న సెస్నా 172 అను నాలుగు కుర్చీల విమానమును ఉదాహరణముగా తీసికొందము. దాని పూర్తి బరువు 1,100 కిలోగ్రాములకు కొంచెము ఎక్కువ. అనగా ఒక మోటారు కారు బరువునకు మించినది కాదు. 777 విమానము పూర్తి బరువు 350 టన్నులు. కాని చిక్కంతయు బరువులో లేదు. కారునకు రెక్కలు లేవు, సెస్నాకు కలవు. ఈ చివరనుండి ఆ చివరకు 36 అడుగుల రెక్కలు అవి. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో గాలి ఎదురువచ్చినచో, తగిన వాలున ఉంచినపుడు, ఆ రెక్కలు విమానపు బరువునంతను మోయగలవు. అట్లు మోయుటకే వానిని నిర్మించిరి. గాలి రన్‌వేపై పరుగెత్తుట వలన వచ్చినదా, ముందున్న జెట్టు విడిచినదా యను భేదము రెక్కకు తెలియదు.

ఇచ్చట మరొక లెక్కను కూడ గుర్తుంచుకొనవలెను. గాలివేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు గోడపై సుమారు 17 కిలోగ్రాముల బరువుతో ఒత్తును. 120 కిలోమీటర్ల గాలి 68 కిలోగ్రాములతో ఒత్తును. 240 కిలోమీటర్ల గాలి 270 కిలోగ్రాములు దాటును. కనుకనే ‘ఇంకొంచెము దగ్గరకు పోయిన నేమగును’ అను మాట ఈ విషయమున పనికిరాదు. ఆ ఇంకొంచెములోనే అంతయు నున్నది.

గాలి ఎదురుగా వచ్చినచో కొంత నయము. విమానము ముక్కుతో గాలిని చీల్చుటకు పుట్టినదే కదా. ప్రక్కనుండియు, ప్రక్క వెనుకనుండియు వచ్చు గాలియే అపాయకరము. జెట్టు తోక వెనుకగా అడ్డముపోవు చిన్న విమానమునకు తగులునది సాధారణముగ అట్టి గాలియే. ముందు ఒక రెక్క పైకి లేచును. లేచిన రెక్క అడుగుభాగము గాలికి ఎదురై, గాలివానలో గొడుగు తిరుగబడినట్లు, మరింత లేచును. రెండవ రెక్క కొన నేలకు తగులును. తిరుగుచున్న ప్రొపెల్లరు బాటను తాకినచో ఇంజను చెడిపోవును. గాలి ఇంకను బలముగా నున్నచో విమానము వెల్లకిల పడును. మూడు చక్రములపై నిలిచి, రెక్కలు కప్పుపైన గల సెస్నా వంటి విమానమునకు ప్రక్క వెనుకటి గాలి మిక్కిలి చెరుపు చేయునని శిక్షణ గ్రంథములు హెచ్చరించుచున్నవి.

తిరుగబడుట జరుగకపోయినను నష్టము లేదనరాదు. తోకయందును రెక్కల అంచులందును విమానమును అదుపులో నుంచు పలకలు కలవు. అవి కీళ్ళపై ఆడునట్టివి. వెనుకనుండి వచ్చిన గాలి వానిని తటాలున కొట్టి, కీళ్ళను వంచవచ్చును, తీగలను సాగదీయవచ్చును. పైకి ఏమియు కనబడదు. ఆకాశమున అవసరము వచ్చినపుడు గాని ఆ లోపము బయటపడదు. ఇట్టి గాలి తగిలిన విమానమును మరల ఎగురవేయుటకు ముందు మెకానిక్కుచేత పరీక్ష చేయింపవలెననుట ఇందులకే. జెట్టు గాలి కంకరరాళ్ళను, ఇసుకను కూడ తూటాలవలె చిమ్మును. అవి అద్దమునకు తగిలినను, ప్రొపెల్లరునకు తగిలినను ముప్పే.

ఇంతవరకు మేము చెప్పిన పెద్ద అంకెలు ఎగురు సమయమునకు సంబంధించినవి. టాక్సీ చేయునపుడు జెట్టు అంత శక్తి వాడదు. అట్లయిన భయమెందులకని శ్రోతలు అడుగవచ్చును. బరువుబండిని లాగు ఎద్దులను చూచినవారికి సమాధానము తెలియును. సాగుచున్న బండిని లాగుట సులువు. నిలిచిన బండిని కదలించుటకే ఎద్దులు మెడలు వంచి, కాళ్ళు తన్ని, బలమంతయు చూపవలెను. విమానమును అంతే. నిలిచిన విమానమును కదలించుటకు చోదకుడు ఇంజను శక్తిని ఒక్కసారి పెంచవలసివచ్చును. బరువెక్కువైనచో, బాట ఎగుడైనచో, మలుపు తిరుగుచు కదలవలసివచ్చినచో ఇంకను పెంచును. ఆ కొద్ది క్షణములలో వెనుకకు పోవు గాలి, పెద్ద విమానముల విషయమున, వందల అడుగుల దూరము వరకు చిన్న విమానమును బెదరింపగలదు. పైగా జెట్టు మలుపు తిరుగుచున్నప్పుడు దాని వెనుకటి గాలియు తిరుగును. దీపస్తంభపు వెలుగు చుట్టుప్రక్కలను తుడుచుకొనిపోవునట్లు అది ఆవరణమునంతను తుడుచుకొనిపోవును. ఒక నిమిషము క్రిందట నిరపాయముగా నున్న చోటు ఇప్పుడు అట్లుండదు.

ఈ సమస్యలో మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచిన దొకటి కలదు. జెట్టు నడపువాడు దుర్మార్గుడు కాడు, అజాగ్రత్తపరుడును కాడు. కాని అతడు తన వెనుకనున్న దానిని చూడజాలడు. మోటారు నడపువానికి ప్రక్కను చిన్న అద్దమైనను ఉండును. జెట్టు చోదకునకు అదియు లేదు. అతడు రెండువందల అడుగుల పొడవుగల వాహనము కొసను, మూయబడిన గదిలో, ముందుచూపుతో కూర్చున్నాడు. తాను విడిచిన గాలి అతని చెంపకు తగులదు. దాని మ్రోత కూడ అతనికి అంతగా వినబడదు. వెనుకనున్న చిన్నవాడు పడిపోయినను, ఎవరైన చెప్పిననే గాని అతనికి తెలియదు. చిన్నవానికైనను చూచి తెలిసికొనుటకు ఏమున్నది? జెట్టు శరీరముపై మినుకుమినుకుమను ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో ఇంజను నడచుచున్నదనియో, నడువబోవుచున్నదనియో అర్థము. అది ఎంత శక్తితో నడచుచున్నదో ఆ దీపము చెప్పదు. సన్నగా తిరుగునపుడును, కదలుటకు బలము తెచ్చుకొనునపుడును ఎఱ్ఱదీపము ఒకే రీతిగ మినుకుచుండును.

ఇద్దరికిని కన్ను సాయపడని ఈ చోట సాయపడునది మాట. రేడియో అనగానే పాటకచేరియు, నాటకమును, పొలముపనుల కార్యక్రమమును తలచుకొను మన శ్రోతలకు, విమానాశ్రయమున రేడియో చేయు ఈ పనిని గూర్చి చెప్పుట మాకు సంతోషమే. నేలమీద కదలు ప్రతి విమానమును కంట్రోలు టవరుతో రేడియోలో మాటాడుచుండును. ఫలానా బాట పట్టుము, ఫలానాచోట ఆగుము, ఫలానా విమానము పోయినపిదప కదలుము, జెట్టు గాలి యుండును జాగ్రత్త అను ఆజ్ఞలును హెచ్చరికలును అందుండియే వచ్చును. అమెరికాలో కంట్రోలర్ల నియమావళి మరొక అడుగు ముందుకు వేసి, భారీ జెట్టు మామూలుకంటె ఎక్కువ శక్తితో టాక్సీ చేయవలసివచ్చునట్టి అనుమతులు ఈయరాదని కూడ చెప్పుచున్నది. మంచి నియమమే. కాని హెచ్చరించుటతో గాలి ఆగదు. హెచ్చరిక విని ఆగవలసిన భారము చిన్న విమానపు చోదకునిపైననే మిగులును. టవరు ముందుకు పొమ్మన్నను, తనకు అనుమానము కలిగినచో ఆగి, ఆగితినని చెప్పు హక్కు అతనికి కలదు.

అతడు చేయదగిన పనులు కొన్ని మాత్రమే. మొదటిది దూరము. ఎఱ్ఱదీపము వెలుగుచున్న జెట్టు వెనుక, ముఖ్యముగ అది కదలబోవు సమయమున, అడ్డము పోరాదు. ఆగవలసివచ్చినచో గాలి వచ్చు దిక్కునకు ముక్కు త్రిప్పి ఆగుట మేలు. తప్పించుకొనరాక ప్రక్క వెనుకటి గాలిలో చిక్కినపుడు నియంత్రణ చక్రమును ముందుకు నెట్టి, గాలి వచ్చు వైపునకు వ్యతిరేకముగ త్రిప్పి పట్టవలెను. దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. చక్రమును ముందుకు నెట్టినపుడు తోకపలక క్రిందికి వ్రాలును. వెనుకనుండి వచ్చు గాలి దాని వీపుపై పడి తోకను నేలకు అదుమును. పలక పైకి లేచియున్నచో అదే గాలి దాని అడుగున దూరి తోకను ఎత్తివేయును. గాలివైపు రెక్క అంచుపలకను క్రిందికి దించుటయు ఇందులకే. మొదటి పాఠములలో శిక్షకులు దీనిని పదే పదే వల్లింపజేయుదురు. అయినను ఇది చిన్న గాలులకు చేయు ఉపాయమేగాని పెనుగాలికి మందు కాదు. వంద కిలోమీటర్ల గాలి మీద పడినచో చక్రమును ఎట్లు త్రిప్పినను లాభము సందేహమే.

ఎగిరిన విమానము రెక్కల కొనలనుండి పుట్టి ఆకాశమున తిరుగాడు సుడిగాలులు వేరు, ఈ గాలి వేరు. రెంటిని కలిపివేయుట సామాన్యుల కలవాటు. సుడిగాలుల చరిత్ర మరొక ప్రసంగమునకు తగిన విషయము.

విమానాశ్రయములను నిర్మించువారు ఈ గాలిని లెక్కలోనికి తీసికొననిదే బాటలను గీయరు. ప్రతి జెట్టునకును, ఏ శక్తికి ఎంత దూరమున ఎంత గాలి యుండునో చూపు పటములను తయారుచేసినవారే ప్రకటింతురు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారి మార్గదర్శక గ్రంథము కొన్ని హద్దులు సూచించినది. ప్రయాణికులు నడచు చోట జెట్టు గాలి గంటకు 60 కిలోమీటర్లు మించరాదు. చిన్న విమానములను నిలుపు చోట 60 లోపల నుండుట మేలు, ఎట్లయినను 80 దాటరాదు. భవనములకు 100. చిన్న విమానములకు మేలని చెప్పిన హద్దును శ్రోతలు గమనింతురు గాక. మన వాతావరణ శాఖ తుపానని పిలుచుట మొదలిడు వేగమునకు అది రెండు కిలోమీటర్లు తక్కువ. హద్దులు నిలుపుటకు చోటు చాలనప్పుడు గాలిని పైకి మళ్ళించు వంపు గోడలను కట్టుదురు. త్రాళ్ళతో కట్టని విమానమును, అదుపుపలకలకు బిగింపు వేయని విమానమును బయట వదలరాదను నియమము గాలివానలకే కాక జెట్టు గాలికిని వర్తించును.

హద్దు దాటినచో ఏమగునో మనుష్యుల విషయమున లోకము చూచినది. కరీబియన్ సముద్రమున సెయింట్ మార్టిన్ అను చిన్న దీవి కలదు. అచ్చటి ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయపు రన్‌వే కొసకును, మాహో అను సముద్రతీరమునకును నడుమ ఒక కంచెయు, ఒక రోడ్డును మాత్రమే అడ్డము. పైకెగురు జెట్టు గాలి తగులుటకై ఆ కంచెను పట్టుకొని నిలుచుట యాత్రికులకొక వేడుక. వలదని హెచ్చరించు పలకలు కలవు. 2017 జూలై 12వ తేదీన న్యూజీలాండునుండి వచ్చిన ఒక మహిళ అట్లు నిలిచి, బోయింగు 737 గాలికి ఎగిరిపడి, తలకు దెబ్బ తగిలి మరణించినది. 737 పెద్ద జెట్లలో పెద్దది కాదు.

మన దేశమున ఈ సంగతి హైదరాబాదు వారికి క్రొత్త కాదు. బేగంపేట విమానాశ్రయమును 2008 మార్చి వరకు ప్రయాణికుల జెట్లును శిక్షణ విమానములును పంచుకొన్నవి. ఆ నెలలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము తెరువబడగా జెట్ల రాకపోకలు అటు తరలినవి. శిక్షణ పొందిన యువకులు ఉద్యోగములకై తుదకు చేరునది మరల ఆ పెద్ద విమానాశ్రయములకే. అప్పుడు వారే జెట్టు ముందు గదిలో, వెనుక కనబడని చోట కూర్చుందురు.

ఈ విద్య ఖరీదైనది. మన దేశమున వాణిజ్య చోదకుని అనుమతికి 200 గంటలు విమానము నడపవలెను. ప్రతి గంటకును రుసుము కలదు. పొలము అమ్మియో, బ్యాంకులో అప్పు చేసియో బిడ్డను పంపిన ఇల్లు ఆ గంటలను నిమిషములుగా లెక్కించుకొనుచుండును. జెట్టు వెనుక ఇంజను నడుచుచుండగా ఊరక ఆగియుండుట ఆ బిడ్డకు డబ్బు కాలిపోవుచున్నట్లు తోచుట సహజము. అట్టివారికి మేము చెప్పదగిన సంగతి ఒకటి కలదు. అంతర్జాతీయ నిర్వచనము ప్రకారము విమానయాన కాలము ఎగిరిన క్షణమునుండి కాదు, ఎగురుటకై విమానము చక్రములపై మొదట కదలిన క్షణమునుండి లెక్కకు వచ్చును. దారిలో జెట్టు పోవువరకు ఆగిన ఆ రెండు మూడు నిమిషములును లాగుపుస్తకమున ఎక్కును. 200 గంటలలో చేరును.